డౌట్ల పెద్దమ్మ

"బాబూ, నాదొక డౌటు."

చివరి కుర్చీలోంచి చెయ్యి లేచింది. కంప్యూటర్ మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఇంకా పాఠంలోకి దిగనేలేదు!

"ఏంటి పెద్దమ్మా?"

"రాసిందంతా పొరపాటున చెరిగిపోతే మళ్ళీ తెచ్చుకోవచ్చా, పోయిందంటే పోయినట్టేనా?"

"నిన్ననేగా చెప్పాను, కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కమని!"

"చెప్పావు నాయనా. ఈ మట్టిబుర్రకి ఎక్కలేదు. ఇంకోసారి చెప్పు."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వేశారు. అందరికంటే గట్టిగా పెద్దమ్మే నవ్వింది. చేసేదేముంది, మాస్టారు మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

పాత సామాన్ల గోడౌన్ ఖాళీ చేయించి పెట్టిన సెంటరు అది. కంప్యూటర్లు ఏదో సంస్థ వాళ్ళిచ్చారు. ఆ పేటలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు సాయంత్రం పని ముగించుకుని అక్కడికొచ్చి నేర్చుకుంటారు. ఆఖర్న పరీక్ష ఉంటుంది. సగం మందైనా గట్టెక్కితే వాళ్ళకి ఆఫీసుల్లో పనులు ఇప్పిస్తారు, సెంటరూ నిలబడుతుంది. లేదంటే కంప్యూటర్లు ఇంకో పేటకి వెళ్ళిపోతాయి.

ఆ సెంటరంటే మాస్టారికి ప్రాణం. తానూ అలాంటి పేటలో పుట్టి పెరిగినవారే. అందుకే పెద్దమ్మంటే అంత ఒళ్ళుమంట.

రోజుకొక్క డౌటయితే సరే అనుకోవచ్చు. ఆమెవి పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉండేవి. కుడిచేత్తో మౌసు పట్టుకుని, ఎడంచేత్తో పట్టుకుంటే పనిచేస్తుందా అంటుంది. దాచిన ఫైలు ఎటు పోయిందంటుంది. కూడికలు నేర్పితే, "మధ్యలో ఒక అంకె మారిస్తే మొత్తం దానంతటదే మారుతుందా, మళ్ళీ కూడుకోవాలా?" అంటుంది. ఒక్కో పాఠం ఒడ్డున పడేసరికి మాస్టారికి తలప్రాణం తోకకొచ్చేది.

పరీక్ష దగ్గరపడుతోంది. మాస్టారికి గుబులు పట్టుకుంది. ఓ సాయంత్రం ఆమెను గుమ్మం దగ్గరే ఆపేశారు.

"ఏమీ అనుకోకు పెద్దమ్మా. నీకోసం ఆగి ఆగి క్లాసు నత్తనడక నడుస్తోంది. పరీక్ష అయ్యేదాకా రావద్దు. తర్వాత నీకు విడిగా నేర్పుతాను, సరేనా?"

ఆమె లోపల కూర్చున్నవాళ్ళ వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"నేను రాకపోతే వీళ్ళకి మంచిదంటావా?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే సరే నాయనా. చెప్పేటప్పుడు కాస్త వీళ్ళ మొహాలు చూసుకుంటూ చెప్పు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మాస్టారికి పాపం అనిపించింది. ఆ వెంటనే హమ్మయ్య అనీ అనిపించింది.

ఇక చూడండి, పాఠాలు రైలుబండిలా పరిగెత్తాయి.

"అర్థమైందా?"

"అయింది సార్!"

"డౌట్లు?"

"లేవు సార్!"

అందరూ గంగిరెద్దుల్లా తలలూపేవారు. మాస్టారు పొంగిపోయారు.

"ఒక్క మనిషిని తప్పించేసరికి క్లాసు ఎలా దారిన పడిందో చూశావా!" అన్నారు భార్యతో.

"అంతమందిలో ఒక్కరికీ డౌటు రాలేదా?"

"నేను చెప్పే తీరు అలాంటిది మరి."

"చాల్లెండి. నాకు ఫోను నేర్పినప్పుడు ఒక్కటడిగితే మీరెంత నవ్వారు! మళ్ళీ అడిగానా?"

మాస్టారు ఆ మాట చెవిన వేసుకోలేదు.

పరీక్ష జరిగింది. గట్టెక్కినవాళ్ళు పట్టుమని నలుగురు లేరు.

వ్యాను రానే వచ్చింది. కంప్యూటర్లు ఒక్కొక్కటే బయటికి పోతుంటే పేట జనం గోడవారన నిలబడి చూస్తున్నారు. బట్టలు కుట్టే అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూడలేక మాస్టారికి దుఃఖం, కోపం కలిసి పొంగుకొచ్చాయి.

"రోజూ అర్థమైందా అని అడిగానా లేదా? డౌట్లున్నాయా అంటే లేవన్నారే! ఒక్కరైనా నోరు విప్పారా?"

"సిగ్గు సార్..." నసిగాడు ఆటో అతను.

"సిగ్గేంటయ్యా, సిగ్గు! ఆ పెద్దమ్మని చూసైనా నేర్చుకోలేకపోయారా? అంత వయసులో ఆవిడకి లేని సిగ్గు మీకెందుకొచ్చింది?"

అంతలో మాస్టారికి గుర్తొచ్చింది, ఆమెకు మాటిచ్చిన సంగతి.

"విడిగా నేర్పుతానన్నాను. రమ్మనండి, ఇంటి దగ్గరైనా నేర్పుతాను."

"లేదు సార్. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎక్కడో చాలా దూరం. ఇక రాదు," అన్నాడు ఆటో అతను.

"అయ్యో! పాపం, ఒక్క ముక్కా ఒంటబట్టకుండానే పోయిందా!"

బట్టలు కుట్టే అమ్మాయి చటుక్కున తలెత్తింది.

"రోజూ మీరు రాకముందే వచ్చి, ఎవరికేం అర్థం కాలేదో మెట్ల మీద కూర్చోబెట్టి అడిగేది సార్. మేం అడిగితే మీరూ, అందరూ నవ్వుతారని మాకు భయం. 'నన్ను చూసి నవ్వనీండే, ముసలిదాన్ని, నాకేం పోయింది' అనేది."

కళ్ళు తుడుచుకుని, మెల్లగా అంది:

"ఆమె అడిగిన డౌట్లలో ఒక్కటి కూడా ఆమెది కాదు సార్, అన్నీ మావే."