పెద్దతల్లి వేయించిన స్పీడ్‌బ్రేకర్

పలాసలో జీడి ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉండే పెద్దతల్లికి ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. హైవేకి అడ్డదారి అని బళ్లు ఆ వీధిలో పిచ్చి జోరుగా పోయేవి. ఏడాదిలో రెండు ప్రాణాలు పోయాయి. ఆమె కూలి మానుకుని మరీ మున్సిపల్ ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగింది. చివరికి ఆ సాయంత్రమే స్పీడ్‌బ్రేకర్ వేయించింది.

మొగుడు వైకుంఠరావుతో గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతి బండీ దాని ముందు జోరు తగ్గిస్తుంటే చూసి మురిసిపోయింది.

"సూసినావా మావా? లారీ కూడా అణిగిపోయింది."

పన్నెండు దాటాక వీధి సద్దుమణిగింది. అప్పుడు దూరంగా మోటారుసైకిల్ హోరు వినిపించింది. హోరు దగ్గరికొచ్చేసినా, వీధిదీపం వెలుతురులో రోడ్డు మాత్రం ఖాళీగానే ఉంది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆ హోరు తగ్గింది. దడ్‌మని ఒక చక్రం దాటింది. దడ్‌మని రెండోది. ఇంకా ఆరని తెల్లరంగు మీద టైరు గుర్తు పడింది. చప్పుడు వాళ్ల ముందు నుంచే మెల్లగా సాగిపోయింది.

వైకుంఠరావు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "లోపలికి రాయే. నాకు బయ్యంగా ఉంది."

పెద్దతల్లికీ ఒళ్లు జలదరించింది. అయినా కదల్లేదు.

"ఏదైతే ఏటి మావా? మన ఈదిలో అదీ మెల్లగానే ఎల్లింది," అంది గర్వంగా.

వీధి చివర ఆ చప్పుడు ఆగింది. కాసేపటికి, అంతే మెల్లగా, ఇటువైపు తిరిగింది.