అక్కయ్య చెప్పిన పద్ధతి

“గోరువెచ్చని నీళ్లు. అందులో రెండు చుక్కల సబ్బు. రెండంటే రెండే,” అంటూ భార్య ఆదివారం పేపర్లో ‘అక్కయ్య’ శీర్షిక పైకి చదివింది. “‘చెల్లెళ్లూ, నీళ్లు చెక్క మీద పొయ్యకండి. గుడ్డ తడిపి గట్టిగా పిండండి.’ విన్నారా?”

భర్త స్టూలెక్కి నిలబడ్డాడు. టైము రెండున్నర. నాలుగింటికి వీధి చివర క్లబ్బులో క్యారమ్స్ ఫైనల్. పదకొండేళ్లుగా ఆడుతున్నాడు, ఫైనల్ దాకా రావడం ఇదే మొదటిసారి. టైముకి రాకపోతే ఓడినట్టే.

పొయ్యి పైనున్న కప్‌బోర్డు తలుపుకు జిడ్డు. వేలు పెడితే అంటుకుంది.

“అడ్డంగా కాదండీ. చెక్కలో గీతలుంటాయి కదా, వాటి వెంబడి తుడవాలట.”

“తెలుసు.”

“తెలిస్తే అడ్డంగా ఎందుకు రుద్దుతున్నారు?”

అతను గుడ్డ తిప్పి గీతల వెంబడి రుద్దాడు. మొత్తం పద్నాలుగు తలుపులు. ఒక్కోదానికి తడిగుడ్డ ఒకసారి, వెంటనే పొడిగుడ్డ ఒకసారి. పిడుల చుట్టూ పాత టూత్‌బ్రష్. ఆఖరున మైనం.

“మైనం మానేద్దాం,” అన్నాడు ఏడో తలుపు దగ్గర. “అది పెట్టకపోతే కొంపలేం మునగవు.”

“అక్కయ్య పెట్టమంది. ఆవిడ ఊరికే చెప్పదు.”

“ఆవిడ ఎప్పుడైనా స్టూలెక్కిందంటావా?”

“మీకంటే ఎక్కువే ఎక్కి ఉంటుంది. ఆరేళ్లుగా రాస్తోంది, ఒక్క మాట తప్పు పోలేదు. నోరు కాదు, చెయ్యి ఆడించండి.”

నీళ్లు మార్చడానికి అతను వెనక బాల్కనీలోకి వెళ్లాడు. పక్క బాల్కనీలో అతని క్యారమ్స్ జోడీ గుడ్డ పిండుతున్నాడు. చెవి మీద టూత్‌బ్రష్ ఉంది.

“నువ్వూనా గురూ?”

“నేనూనే. ఎన్నో తలుపు?”

“తొమ్మిది.”

“నాది ఇంకా ఆరే. ఆ అక్కయ్య ఒక్కసారి నా కంటపడాలి, ఈ బకెట్ తీసుకెళ్లి నెత్తిన కుమ్మరిస్తాను.”

“పెద్దావిడ అయ్యుంటుందిలే, పాపం,” అంటూ అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

నాలుగూ ఇరవైకి ఇద్దరూ క్లబ్బుకు పరుగెత్తారు. బోర్డు మీద పౌడర్ చల్లి ఉంది. మనిషి లేడు. ఎదుటి జట్టు ఐదింటికి వచ్చింది. వాళ్ల చేతులూ మైనం వాసనే. అంపైరు ఇంకా పిడుల దగ్గరే ఉన్నాడని ఆయన కూతురు వచ్చి చెప్పింది. ఫైనల్ వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

బతికిపోయాం అనుకుంటూ అతను ఇంటికొచ్చాడు. భార్య కప్‌బోర్డు తలుపులో మొహం చూసుకుంటోంది.

“చూడండి, ఎలా మెరుస్తున్నాయో! వచ్చే ఆదివారం కిటికీలట. వ్యాసం కింద వేశారు.”

“మనకెన్ని కిటికీలు?”

“తొమ్మిది. మా అమ్మావాళ్లింట్లో ఇంకో ఆరు. అక్కడికీ మీరొస్తారని చెప్పేశాను.”

అతను స్టూలు మీద కూలబడ్డాడు.

సోమవారం పొద్దున పత్రికాఫీసులో, తాను రాసి అచ్చుకు సిద్ధం చేసి పెట్టిన కిటికీల వ్యాసాన్ని చించి బుట్టలో పడేసి, అతను కొత్త కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు: “చెల్లెళ్లూ, కిటికీలను ఆదివారం మాత్రం తుడవకండి.”