ఉంగరం వేలు

సీసా దొర్లి నీళ్ళన్నీ రంజని చీర మీద ఒలికాయి.

పక్క కుర్చీలో కూర్చోబోయిన ఆడమనిషి మోచెయ్యి తగిలింది.

“కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడస్తావా?” రంజని ఆడపడుచు విజి కస్సుమంది.

“కానరాలేదు మా. ఏమనుకోబాకండి.”

ఆమె తల మొత్తం ఇటు తిప్పి చూసింది. యాభై దాటిన మనిషి. మొరటు దవడ, లావు పెదాలు, అరటికాయల్లాంటి వేళ్ళు.

“మగరాయుడు మాదిరి లేదూ?” అని విజి చెవిలో గొణిగింది.

రంజనికి నవ్వు రాలేదు. ఈ మధ్య ఆమెకు ఏదీ నవ్వు తెప్పించడం లేదు.

చింతాద్రిపేటలో పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టే చెయ్యి రంజనిది. ఇప్పుడు నాలుగు పువ్వులు కుట్టేలోగా మణికట్టు సలుపు. వేళ్ళు తిమ్మిరెక్కి, సూది జారిపోయినా తెలియడం లేదు.

వాళ్ళ వీధి డాక్టరు చెయ్యి పట్టుకోకుండానే చెప్పేశాడు. “ఒళ్ళు తగ్గించమ్మా. అన్నీ అవే సర్దుకుంటాయి.”

రాత్రిపూట అన్నం మానేసింది. తెల్లారి లేచి మేడమెట్లు ఎక్కింది, దిగింది. ఆరు నెలల తర్వాత తూకం చూస్తే మూడు కిలోలు పెరిగింది.

“నేను పనికి పోయినాక దొంగతనంగా తింటాండావేమో,” అన్నాడు మొగుడు శ్యామ్. నవ్వుతూనే అన్నాడు. మణికట్టు కంటే అదే ఎక్కువ సలిపింది.

అందుకే ఇంకో డాక్టరు ఏమంటుందో విందామని ఈ ఎముకల ఆసుపత్రికి వచ్చింది. ఇక్కడా అదే మాటంటే కుట్టుపని మానేస్తానని ఇంట్లో చెప్పేసింది.

పక్కామె చూపు మాత్రం కదలడం లేదు. రంజని మొహం చూసింది. చెయ్యి చూసింది. ఉంగరం దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయింది.

రంజని చెయ్యి కొంగు కింద దాచుకుంది.

“ఆ ఉంగరం ఊడొస్తుందా మా?”

“నీకెందుకు?”

“ముందు వచ్చేదా?”

“వదినా, బ్యాగు ఈ పక్కకి మార్చుకో,” అంది విజి.

“చెప్పులు? ఈ మధ్య పెద్ద నంబరువి ఏమన్నా కొన్నావా?”

“అవి కూడా కావాల్నా నీకు?” అంది విజి.

ఆమె వినిపించుకోలేదు. గభాలున రంజని చెయ్యి లాక్కుని ఉంగరం వేలు గట్టిగా నొక్కింది.

“కొవ్వయితే నొక్కితే దిగాల. దిగలా. ఇది ఎముక మా...”

“వదులు! ఎవరయ్యా ఆడ, వాచ్‌మన్!” రంజని అరిచింది.

హాలంతా ఇటు తిరిగింది. వాచ్‌మన్ మోసెస్ పరుగెత్తుకొచ్చాడు.

“ఈమెని ఈడ నుంచి లేపుతావా, పోలీసుల్ని పిలవమంటావా?” అంది రంజని.

“అమ్మా, ఆమె అట్టాంటి మనిషి కాదు...”

“ముందు లేపు!”

ఆమె తనే లేచింది. చెయ్యి గాల్లో తడిమి మోసెస్ భుజం పట్టుకుంది.

“దొరికిపోయినాక నీరసం నటిస్తాంది చూడు,” అంది విజి.

“ఉంగరం సంగతీ, చెప్పుల సంగతీ డాక్టరమ్మకి చెప్పు మా. మర్చిపోబాక,” అంటూనే ఆమె వెళ్ళిపోయింది.

లోపల డాక్టర్ నివేదిత మణికట్టు వంచి చూసింది. వేలితో తట్టి చూసింది. పాత చీటీ చదివింది.

“ఇక్కడ నరం నొక్కుకుపోతోందండి. ముందు మీరు బరువు...”

కలం కాగితం మీదికి దిగింది.

మళ్ళీ అదే మాట. ఏదో ఒకటి చెప్పి ఆ కలాన్ని ఆపాలి. నోటికి ఆ పిచ్చిమనిషి మాటలే వచ్చాయి.

“డాక్టర్, ఏడాదిగా ఈ ఉంగరం రావడం లేదు. చెప్పులు ఆరో నంబరు నుంచి ఎనిమిదికొచ్చాయి.”

కలం ఆగింది.

“ఒళ్ళు చేస్తే పాదం వెడల్పవుతుంది. పొడుగు కాదు,” అంది డాక్టర్ నెమ్మదిగా. “పాత ఫోటో ఏదైనా ఉందా?”

విజి తన పెళ్ళినాటి రంజని ఫోటో ఫోనులో వెతికి చూపించింది. మూడేళ్ళనాటిది. డాక్టర్ దాన్ని రంజని చెంప పక్కన పెట్టి చూసింది.

విజి కూడా చూసింది. ఆ ముక్కు ఇది కాదు. ఆ దవడ ఇది కాదు. రోజూ చూసే మొహంలో ఆ మార్పు ఇంట్లో ఒక్కరికీ కనపడలేదు.

“ఇది తిండి వల్ల వచ్చినట్టు లేదండి. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది. దాని మీద కణితి లేస్తే ఈ వయసులో కూడా ఎముకలు పెరుగుతాయి. రక్తపరీక్ష, స్కాన్ ఇవాళే చేయిద్దాం. ముందుగా పట్టుకుంటే భయం లేదు. ఆలస్యమైతే కంటి నరాన్ని నొక్కుతుంది. మొదట పక్కచూపు పోతుంది.”

రంజని తడి చీర కుచ్చిళ్ళ వంక చూసుకుంది.

“ఇంతకీ ఉంగరం, చెప్పులు... ఈ ప్రశ్నలు మీకెవరు చెప్పారు?”

రంజని అప్పటికే తలుపు తోసుకుని బయటపడింది.

కుర్చీ ఖాళీగా ఉంది. గేటు దగ్గర మోసెస్ ఒక్కడే ఉన్నాడు.

“ఆమె ఏదయ్యా?”

“మీరు లేపమన్నారు గదమ్మా. ఆటో ఎక్కించినా. ఇంటికి పోను తిరువొత్తియూరు బండి పట్టుకోవాల గదా.”

“మళ్ళీ ఎప్పుడొస్తాది?”

“ఇంక రానని చెప్పి పోయిందమ్మా.”

“అట్టయితే ఎట్లా? ఆమె వైద్యం?”

“వైద్యం చేసేదానికి ఏముందమ్మా, పన్నెండేళ్ళు డాక్టర్లు ఒళ్ళు తగ్గించమనే చెప్పి చూపు పోగొట్టినారు, ఆమె గురువారం గురువారం వచ్చేది, ఆ మిగిలిన కాస్త చూపుతో ఈడ కూచున్నోళ్ళ చేతులు చూసి పోయేదానికే.”