బంకు దగ్గర బస్సు

"డ్రైవర్ గారూ, కాస్త ఆపండి బాబూ! అర్జెంటు."

వెనక సీటు పెద్దాయన మళ్లీ మొదలుపెట్టాడు.

రోజూ ఇదే గోల. పెట్రోలు బంకు రాగానే ఆయనకి ఆగదు.

డ్రైవర్ పళ్లు నూరుతూ బ్రేకు వేశాడు. వేశాక తనే ముందు దూకి బంకు వెనకాలకి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి పెద్దాయన సీట్లోనే ఉన్నాడు.

"మీరు వెళ్లరా?"

"ఇప్పుడు తగ్గిందిలే బాబూ, పోనివ్వు."

"ఇదేం విడ్డూరమమ్మా! ఆపమనేది ఆయన, వెళ్లేది నేను!"

కండక్టరమ్మ పకపకా నవ్వింది.

"పోన్లే అన్నా, నీ పనీ అవుతోందిగా. నీళ్ల మాత్ర వేసుకుంటే దారిలో ఎక్కడ ఆపనూ అని బస్సంతా వినేలా మొత్తుకునేవాడివి."

నిజమే. బీపీకి ఇచ్చిన మాత్రల్లో అదొక్కటీ వేసుకుంటే ఒంట్లో నీరంతా తోడేస్తుంది. అందుకని డ్యూటీ రోజుల్లో ఎగ్గొట్టేవాడు. డాక్టరుకి మాత్రం అన్నీ మింగుతున్నానని చెప్పేవాడు. మందులెన్ని మార్చినా బీపీ దిగక ఆయన తల పట్టుకునేవాడు.

బస్సు ఎలాగూ ఆగుతోంది కదా అని ఈమధ్య వేసుకుంటున్నాడు.

"ఇన్నాళ్లూ దిగని బీపీ ఇప్పుడెలా దిగిందయ్యా?" డాక్టరు అయోమయంగా చూశాడు. "ఫిట్‌నెస్ పరీక్షదాకా ఇలాగే ఉంచుకో. లేకపోతే స్టీరింగ్ మీద ఆశ వదులుకోవాల్సిందే."

డ్రైవర్ మందుల చీటీ తీసుకుని బయటపడ్డాడు.

ఇంతలో బస్సు ఆలస్యమవుతోందని డిపోలో చీవాట్లు పడ్డాయి. ఆ కోపమంతా పెద్దాయన మీద చూపించాడు.

"అంత ఆగనివాడివి ఇంట్లో కూర్చోక ఈ తిరుగుళ్లు దేనికి? రేపట్నుంచి నా బస్సెక్కొద్దు!"

పెద్దాయన కాలు ఈడుస్తూ మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"సరే బాబూ. ఆరోగ్యం జాగ్రత్త."

జబ్బు ఆయనది, జాగ్రత్త తనకా? డ్రైవర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు.

మర్నాటినుంచి ఆయన రాలేదు. బస్సు టైముకి చేరింది. నీళ్ల మాత్ర డబ్బాలోనే ఉండిపోయింది.

ఫిట్‌నెస్ పరీక్షలో బీపీ ఆకాశాన్నంటింది. బస్సు నడపడానికి వీల్లేదని తేల్చేశారు.

డ్రైవర్ మొహం వేలాడేసుకుని డిపో మేనేజరు గదిలోకి వచ్చాడు.

"ఆ ముసలాయన ఎక్కినన్నాళ్లూ నాకు బాగానే ఉందండీ. కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఎక్కడుంటాడో తెలిస్తే కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను."

మేనేజరు చేతిలో కాగితం పక్కన పెట్టాడు.

"ఆయన మొన్ననే పోయాడయ్యా."

"మీకు తెలుసా ఆయన?"

"తెలియకేం? నీకు ముందు ఆ బస్సు నడిపింది ఆయనే. దారిలో ఆపే వీల్లేదని నీళ్ల మాత్ర మానేసి, పక్షవాతం వచ్చి స్టీరింగ్ మీదే పడిపోయాడు."