ఓడినవాడి సాజ్

టర్కీలోని కార్స్ ఊళ్ళో, ఒక టీకొట్టులో పాటల పోటీ. ఓడినవాడు తన తీగల వాద్యం సాజ్‌ను గెలిచినవాడికి ఇచ్చెయ్యాలి.

"ఇంకెవరైనా మిగిలారా?" అన్నాడు బహ్రీ, పొడుగుమెడ సాజ్‌ను మీటుతూ.

అతని భార్య గుల్ఫిదాన్ లేచి, కొట్టువాడి సాజ్ అడిగి తీసుకుంది.

బహ్రీ పకపకా నవ్వాడు. "పిండి పిసికే చేతులకి తీగలెందుకే?"

"పిండికి ఓపిక కావాలి. నీ పాటకి నోరుంటే చాలు."

ఆమె ఎత్తుకున్న చరణానికి బహ్రీ జవాబు కట్టలేకపోయాడు. చివరికి సాజ్ ఆమె ముందు పెట్టి, "ఎలాగూ మనింటి గోడకే వేలాడుతుందిగా, పద" అని గొణిగాడు.

గుల్ఫిదాన్ దాని మెడను ముద్దాడి భుజాన వేసుకుంది.

"ఇది వేలాడేది మా నాన్న గోడకి. ఆయన్ని ఓడించి దీన్ని పట్టుకెళ్ళిన రోజూ ఇలాగే నవ్వావు. దీని కోసమే నిన్ను చేసుకున్నాను. ఇక నీ రొట్టెలు నువ్వే కాల్చుకో."