మంచి కన్ను

“ఆఖరి వరుస చెప్పు,” అంది అక్క గొంతు తగ్గించి.

“ద, బ, ఖ, చ, ళ, ఘ.”

“ఘ ముందు, ళ తర్వాత! ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?”

“గుద్దమంటే గుద్దుతాను గానీ, ఈ వయసులో నాకు ఈ అక్షరాల గోలేంటక్కా?” అని నవ్వాడు తమ్ముడు.

ఆస్పత్రి వరండాలో ముగ్గురు కూర్చునే బెంచీని దాదాపు అతనొక్కడే నింపేశాడు. నూటపది కిలోల మనిషి. జిమ్‌లో అందరూ ‘బండ’ అంటారు, ఆ పిలుపుకే పలుకుతాడు. అమెచ్యూర్ హెవీవెయిట్ బాక్సింగ్ పోటీల్లో వరసగా తొమ్మిది మందిని పడుకోబెట్టాడు. ఇవాళ డాక్టరు సంతకం పెడితే ప్రొఫెషనల్ లైసెన్సు చేతికొస్తుంది, మధ్యాహ్నం ప్రమోటర్‌తో మూడేళ్ళ ఒప్పందం. పెట్టకపోతే మళ్ళీ గోడౌన్లో బస్తాలు మోయడమే.

చిక్కల్లా ఎడమ కన్ను. రెండేళ్ళ కిందట ప్రాక్టీసులో తగిలిన గుద్దుకి అది చీకటైపోయింది. ఆ సంగతి అక్కకీ తమ్ముడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అక్క పనిచేసే ప్రెస్సులోనే ఆస్పత్రులకి కంటి చార్టులు అచ్చవుతాయి. ఒకటి ఇంటికి తెచ్చి నెల రోజులు కూర్చోబెట్టి బట్టీ పట్టించింది. ఆమె చదివేది, అతను వల్లించేవాడు. చార్టు వంక చూడమంటే, “చూస్తే ఇంక బట్టీ ఏముంది?” అనేవాడు.

తప్పు చేస్తున్నానని ఆమెకు తెలుసు. రింగులో వాడికేమైనా అయితే ఆ పాపం తనదే. అందుకే మొదట్లోనే ఒట్టు వేయించుకుంది.

“కుడి కన్ను నిజంగా బాగుందారా?”

“గద్ద కన్నక్కా. నీ మీద ఒట్టు.”

ఆ ఒక్క మాట పట్టుకునే ఇంతదూరం వచ్చింది.

అయితే ఈమధ్య ఇంట్లో తమ్ముణ్ణి చూస్తే ఆమెకు ఎందుకో ఒళ్ళు జలదరించేది. ఆమె పని నుంచి వచ్చేసరికి చీకటి గదిలో, కుర్చీలో కదలకుండా కూర్చుని ఉండేవాడు. గడపలో కాలు పెట్టకముందే, తల కూడా తిప్పకుండా, “వచ్చావా అక్కా?” అనేవాడు. ఒకరోజు ఆట పట్టిద్దామని చెప్పులు బయటే విడిచి, ఊపిరి బిగబట్టి వెనకనుంచి వెళ్ళింది.

“వచ్చావా అక్కా?” అన్నాడు.

“లైటు వేసుకోవచ్చు కదరా?” అంది ఆమె.

“ఏకాగ్రత కోసం. కోచ్ చెప్పాడు.”

ఏ కోచ్ చీకట్లో కూర్చోమంటాడో ఆమెకు అంతుపట్టలేదు. పెద్ద పోటీల సంగతులు తనకేం తెలుసులే అని ఊరుకుంది.

ఇంతలో ప్రమోటర్ ఫైలు ఊపుకుంటూ వచ్చాడు. మాటల మనిషి, నోరు మూతపడదు.

“కంగారేం పెట్టుకోకమ్మా. మీవాడి గుద్దు చూసి కాదు నేనొచ్చింది, ఆ చూపు చూసి! ఎదుటివాణ్ణి చూడనే చూడడు. వాడి వెనకాల ఇంకెవరో నిలబడ్డట్టు అటే చూస్తాడు. కిందటి పోటీలో ఆ కుర్రాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, తెలుసా? మూడోసారి తిరిగేసరికి నేలమీదున్నాడు.”

“ఎవరున్నారట వెనకాల?” అంది అక్క.

“ఎవరూ లేరు. ఆ మాటే అడుగుతున్నాడట పాపం, ఇప్పటికీ. ఆ చూపుకే టిక్కెట్లు తెగుతాయమ్మా. మంచి ఫొటోగ్రాఫర్‌ని పెట్టి కళ్ళు మాత్రమే ఉండే పోస్టర్లు వేయిస్తాను.”

తమ్ముడు ప్రమోటర్ గొంతు వినిపిస్తున్న వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. ప్రమోటర్ కింద కారు దగ్గర ఉంటానని వెళ్ళిపోయాడు.

లోపలినుంచి పిలుపు వచ్చింది. తమ్ముడు లేచి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు బడికి కూడా అలాగే వెళ్ళేవాడు. ఇంత మనిషికీ లోపల బెదురుందని ఆమెకు జాలేసింది. ఆ చేతి బరువు మోస్తూనే లోపలికి నడిచింది.

డాక్టరు సన్నగా, పొడవుగా, మాట పొదుపుగా వాడే మనిషి. గదిలో పాత ఫ్యాను గరగరా తిరుగుతోంది. గుండె, రక్తపోటు, కీళ్ళు అన్నీ చూసి, తమ్ముణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

“కుడి కన్ను మూసుకో. ఎదురుగా గోడ మీద చార్టు. చదువు.”

తమ్ముడు మొదలుపెట్టాడు. అక్క లోలోపల వరసలు లెక్కపెడుతోంది. నాలుగు. అయిదు. ఆఖరి వరుస.

“ద, బ, ఖ, చ... ఘ, ళ.”

డాక్టరు తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూశాడు.

“ఒక్క తప్పూ లేదు,” అన్నాడు చివరికి. “ఇప్పుడు ఎడమది మూసుకో.”

అక్కకు ప్రాణం లేచొచ్చింది. కిటికీ ఊచలు పట్టుకుని బయటికి తిరిగింది. గండం గడిచింది, ఇక మిగిలింది మంచి కన్నే. కింద కారు పక్కన ప్రమోటర్ ‘ఏమైంది?’ అన్నట్టు చెయ్యి తిప్పాడు. ‘అయిపోయినట్టే’ అని ఆమె నవ్వుతూ తల ఊపింది. వెనక డాక్టరు రెండడుగులు అటు, రెండడుగులు ఇటు వేసిన చప్పుడు ఫ్యాను రొదలో కలిసిపోయింది.

“చదువు,” అన్నాడు డాక్టరు నెమ్మదిగా.

తమ్ముడు చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఎక్కడా తడుముకోకుండా, ఇందాకటి గొంతుతోనే, ఇందాక ఆగినచోటే ఆగుతూ. బాగున్న కంటితో కూడా బట్టీ పట్టినట్టే చదవాలా వీడు, అనుకుని నవ్వుకుంటూ ఆమె వెనక్కి తిరిగింది.

డాక్టరు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముణ్ణి కాదు, ఆమెనే చూస్తున్నాడు. తమ్ముడు మాత్రం గెలిచినవాడిలా నిటారుగా కూర్చుని, కుడి కన్ను విప్పార్చి ఎదురుగా గోడనే చూస్తున్నాడు.

గోడ మీద చార్టు లేదు.