పలకని పేరు

“నీ మొగుడి పేరు చెప్పు.”

రైల్వే పోలీసు ఊర్మిళ అలా అడగడం అది మూడోసారి. సుగియా కొంగు చివర పళ్ళ మధ్య పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

“అతన్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి అడిగాను. నీ పేరు, మీ నాన్న పేరు, మీ ఊరు, అన్నీ గడగడా అప్పజెప్పాడు. నువ్వేమో ఒక్క పేరు చెప్పలేకపోతున్నావు. చెప్పకపోతే వచ్చే స్టేషన్ ఛప్రాలో అతన్ని దింపేస్తా. నిన్ను తిరుగు బండిలో మీ పూర్ణియాకి పంపేస్తా.”

ఎదురు బెర్తు మీద అటుకులు నములుతున్న ముసలావిడ ఉండబట్టలేకపోయింది.

“నీకింకా పెళ్ళి కాలేదా పోలీసమ్మా? మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గిపోదూ? నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఒక్కసారైనా అన్నానా?”

“అనకుండా ఉంటే ఎన్నేళ్ళు బతికాడు మామ్మా?” పై బెర్తు మీంచి ఎవరో అడిగారు.

“నోర్ముయ్ వెధవా!”

పెట్టెలో అందరూ నవ్వారు. ఊర్మిళ నవ్వలేదు. సుగియా పక్కన జరిగి కూర్చుంది.

“పెళ్ళెప్పుడయింది?”

“మొన్న.”

“వాళ్ళ తరఫున ఎవరొచ్చారు?”

“ఈయనే.”

“అమ్మా నాన్నా? ఒక్క చుట్టమైనా?”

“హర్యానా చాలా దూరం కదా మేడమ్.”

ఊర్మిళ గొంతు తగ్గించింది. “ఇలా చూడు. దింపేస్తానని భయపెట్టడానికే అన్నాను. పందొమ్మిదేళ్ళ దానివి, మైనరువి కాదు. అతనితో వెళ్ళనని నువ్వంటే తప్ప నేనేమీ చేయలేను. నాకెందుకో ఇతని వాలకం నచ్చలేదు. పోనీ, పేరు చెప్పొద్దు. ‘దిగిపోతాను’ అను. ఆ ఒక్క మాట చాలు.”

పేరు సుగియా లోపలే ఉంది. పెళ్ళిలో పంతులు మంత్రం మధ్య చదువుతుంటే విన్నది. అప్పటినుంచి ఒంట్లో కొత్తగా మొలిచిన అవయవంలా అది తగులుతూనే ఉంది. పుట్టింట్లో దువ్వెన దగ్గర్నుంచి దుప్పటి దాకా అన్నీ అక్కచెల్లెళ్ళతో పంచుకున్నవే. ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేనిది ఈ పేరొక్కటే. చెబితే ఆయనకు కీడు. చెప్పకపోతే ఈవిడ ఆయన్ని ఏం చేస్తుందో. ఎటు చూసినా భయం ఆయన గురించే. మొన్నటిదాకా ముఖమైనా తెలియని మనిషి కోసం తన గుండె ఇలా కొట్టుకోవడం ఆమెకే వింతగా తోచింది.

కొంగు నోట్లోంచి తీసింది.

“దిగను. ఆయన ఎక్కడుంటే నేనూ అక్కడే. బలవంతాన దింపారంటే పట్టాల మీద పడుకుంటాను.”

“శభాష్ పిల్లా!” అంది ముసలావిడ.

ఊర్మిళ లేచింది. నోటు పుస్తకం మూసి, ఛప్రాలో దిగిపోయింది.

తలుపు దగ్గర్నుంచి అతను వచ్చి పక్కన కూర్చున్నాడు.

“చెప్పావా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“అంతసేపు అడిగినా?”

“ఊహూఁ.”

అతను నమ్మలేనట్టు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్లాట్‌ఫారం మీద కమలాపండ్లు కొని, ఒకటి తనే వలిచి, తొనలు ఆమె చేతిలో పెట్టాడు. “నీలాంటిదాన్ని నేనెక్కడా చూళ్ళేదు,” అన్నాడు. ఆ మాటని సుగియా ఢిల్లీ దాకా నెమరువేసుకుంటూనే ఉంది.

ఢిల్లీలో రైలు దిగి, రెండు బస్సులు మారి, మర్నాడు మధ్యాహ్నం ఆవచేల మధ్య ఒక స్టాపులో దిగారు. అక్కడ ట్రాక్టరుకి ఆనుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డవాడు. ఎడమ కంట్లో పువ్వు. సుగియా చప్పున ముసుగు లాక్కుంది.

“ఏం జగబీర్, పిల్ల నోరెలాంటిది?” అన్నాడతను.

తను అంత భద్రంగా దాచిన పేరు అతని నోట అంత తేలిగ్గా రావడంతో ఆమె ఉలిక్కిపడింది.

“పోలీసులు కూర్చోబెట్టి అడిగినా విప్పలేదు.”

ముసుగు కింద సుగియా ముఖం వికసించింది. మెట్టినింటి గడప తొక్కకముందే మెప్పు. రెండడుగులు ముందుకు వేసి వంగింది.

“దణ్ణం మామగారూ.”

జగబీర్ ఆమె పెట్టెను ట్రాక్టరు మీదికి విసిరి, తిరుగు బస్సు కోసం రోడ్డు దాటుతూ వెనక్కి తిరిగాడు.

“మామగారు కాదు. నా పేరు ఇక ఎవరి ముందైనా చెప్పుకో, ఇప్పట్నుంచి నువ్వు పలకకూడనిది ఆయన పేరు.”